పూటకూళ్ళు, కాఫీహోటళ్ళు

హోటలువాని దురుసుతనమును గూర్చి ఫిర్యాదు చేయనివారు మనలో అరుదు. పులుసు చల్లారినదనియు, మజ్జిగ నీళ్ళైనదనియు, పిలిచినను పలుకువాడు లేడనియు విసుగుకొందుము. ఇవి చిన్న నేరములు. మన భోజనశాలల చరిత్రలో వీనిని మించిన దొకటి కలదు: విస్తరి వేయకమునుపే 'నీ వెవరవు?' అని అడుగుట. నేను మనవిచేయబోవునది ఆ ప్రశ్నను గూర్చియే.

సొమ్ము పుచ్చుకొని అన్నము పెట్టుట మనకు క్రొత్త గాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామములో ఒక బ్రాహ్మణుడును, ఒక సెట్టియు ఓరుగల్లు వీథులు చూచుచు తిరుగుదురు. అచ్చట లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు మేలైన అన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరకునట. నేటి ధరలతో పోల్చుకొని నిట్టూర్చువారు నిట్టూర్తురు గాక! 1897లో అచ్చైన కన్యాశుల్కములో మరియొక పూటకూళ్ళ యిల్లున్నది. అందు అన్యాయము చేసినది అన్నము పెట్టిన ఆమె కాదు. ఆమె సంతసామానునకై యిచ్చిన సొమ్మును తినివేసిన గిరీశము. వచ్చినవాడు మంచివాడు, పెట్టువాడు చెడ్డవాడు అని ముందే తీర్పు చెప్పరాదు సుమా.

ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో పట్టణములకు గుమాస్తాలు, విద్యార్థులు, వ్యాజ్యెములకై తిరుగువారు రాసాగిరి. కాఫీహోటళ్ళు వెలసినవి. ఇంటికి దూరముగా తినవలసివచ్చినవానికి ఆకలి యొకవంక, మైలభయ మొకవంక. ఆ భయమునకు మందుగా యజమాని తన పలకపై 'బ్రాహ్మణ' అను పదమును వ్రాయించెను. లోపల బ్రాహ్మణులకు ఒక గది, తక్కినవారికి వేరొక చోటు. అంటరానివారనబడినవారికి లోపల చోటే లేదు. వాకిట నిలిచి, ఎత్తి పోసినది త్రాగవలసినదే. ఇదేమని యడిగిన యజమాని తన గిరాకి పోవునని చెప్పెడివాడు. అది అబద్ధము కాదు. కావుననే ఆ నేరము అతనియొక్కనిది కాదని నా యభిప్రాయము. లోపల కూర్చుండి హాయిగా కాఫీ త్రాగినవారందరును అందు భాగస్వాములే.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణములో హోటళ్ళను పేర్కొని, కులమును బట్టి ఎవ్వరిని ఆపరాదని శాసించినది. పలకలు మాత్రము వెంటనే దిగలేదు. 1957లో కూడ చెన్నపట్టణమున పెరియారు అనుచరులు ఒక హోటలు పలకపై నున్న ఆ పదమును తీయించుటకై సత్యాగ్రహము సలుపవలసివచ్చెను.

1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టమును చదువునపుడు నాకు ఆశ్చర్యము గొలిపినది దాని నాలుగవ సెక్షను. ప్రవేశమును నిరాకరింపరాదనుటతో అది తృప్తిపడలేదు. హోటళ్ళలోని పాత్రలనుగూడ వాడుకొననీయవలెనని చెప్పినది. పార్లమెంటు గ్లాసుల వరకు దిగి ఏల చూడవలసివచ్చెనో మన పల్లెల టీ అంగళ్ళు చాలకాలము చెప్పుచునే యుండెను. 1976లో ఆ చట్టము పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు దాల్చిన తరువాతను, అనేక గ్రామములలో రెండు గ్లాసుల పద్ధతి సాగినది. దళితునికి వేరు గ్లాసు, చూరున చెక్కినదో, గోడప్రక్క బోర్లించినదో. త్రాగిన పిమ్మట దానిని అతడే కడిగి పెట్టవలెను. టీ వెల మాత్రము అందరికి ఒక్కటే.