ఆత్మకూరు కొలువు – అభ్యాసి గడప దాటు వేళ

కృష్ణవేణి కన్నడసీమను దాటి తెలుగునేలపై అడుగిడిన కొంతదూరములోనే, ఉత్తరపుటొడ్డు మీద, నేటి వనపర్తి జిల్లాలో ఆత్మకూరు కలదు. నేడు జూరాల జలాశయమునకు చేరువ నున్న యీ యూరు నిజాము రాజ్యకాలమున అమరచింత సంస్థానమునకు రాజధాని. ముక్కెర వంశపు దొరలకు నివాసస్థానము. సుమారు 190 చదరపు మైళ్ల నేలయు, 1901 నాటి జనాభా లెక్కలలో 34,000 మంది జనమును గల యీ చిన్న సంస్థానము, ఏటి కావలి గద్వాలతోడను, తూర్పున నున్న వనపర్తితోడను విద్యాపోషణమునందు పోటీపడినది. చదువుకొన్నవాడు తన విద్యను ఇంటినుండి కొలువునకు తీసికొనిపోవలసిన వేళ యేది యను ప్రశ్నకు ఈ సీమ చరిత్రలో ఒక చక్కని సమాధానము కలదని నేను నమ్ముచున్నాను.

ఆ సమాధానము మొదట పండితుల యిండ్లలో గాక మగ్గపు గుంటలలో దొరకును. అమరచింత, ఆత్మకూరు గ్రామముల సాలెవారు నేసిన సన్నని దస్తీలు, ధోవతులు, జరీ యంచుల పట్టుచీరలు, తలపాగలు ఆ కాలమున పేరెన్నిక గన్నవి. నేతవాని కొడుకు మొదట కండెలు చుట్టును. పిదప తెగిన పోగును పట్టి అతుకుట నేర్చును. కాళ్లు తొక్కుడుపలకలకు అందిన నాడు తండ్రి లేచి వానిని గుంటలో కూర్చుండబెట్టి సాదాబట్ట నేయించును. సాదాబట్ట యెన్నేండ్లు నేసినను అంచు కలుపుట రాదు. అంచు కలుపుచునే అది చేతికి రావలెను. కనుక తొలి చీర కొంత చెడుట తప్పదు. పోగు తెగిన చప్పుడు చెవికి సోకినంతనే, పిలువకయే, చేయి దానంతట అది పోగు మీదికి పోయిననాడు కుఱ్ఱడు అంచునకు తగినవాడయ్యెనని తండ్రి గ్రహించును. పని సంపూర్ణముగ వచ్చువఱకు ఆగినచో వాడెన్నడును అంచుమగ్గ మెక్కడు. నేర్చినపని యింక పరీక్ష గాకుండుటయే పై మెట్టునకు పిలుపు.

అవధానవిద్య యందును ఇదే క్రమము కానవచ్చును. గురువు నింట సహాధ్యాయులు విసరిన సమస్యలను పూరించుట మొదటి మెట్టు. అష్టావధానము రెండవది: ఒకడు అక్షరమక్షరమునకు అడ్డుపడి నిషేధించుచుండగా, ఒకడు పొసగని మాటలను ఇచ్చి పద్యమడుగుచుండగా, ఒకడు అసందర్భపు ముచ్చట్లతో మనస్సును లాగుచుండగా, వెనుక నెవ్వడో వేళగాని వేళ గంట కొట్టుచుండగా, అన్నిటికిని బదులు చెప్పుచు గంటల లెక్కను సహితము తప్పకుండవలెను. మూడవది శతావధానము. నూర్గురు పృచ్ఛకులు వరుసగా కూర్చుందురు. అవధాని మొదటి యావృత్తిలో ప్రతివానికి ఒక్కొక్క పాదము మాత్రమే చెప్పుచు సాగును. నూరవవాని కడనుండి మరలి వచ్చి రెండవ పాదము, అట్లే మూడవది, నాలుగవది ముగించి, తుదకు నూరు పద్యములను వరుస తప్పక అప్పగించును. దీనికి ధారణ యని పేరు. ధారతో సభను మెప్పించినవారు పలువురు కలరు. ధారణయందు నిలిచినవారే గెలిచినవారు.

నూజివీటి ప్రాంతపు మాడభూషి వేంకటాచార్యులు ఈ విద్యకు పందొమ్మిదవ శతాబ్దమున త్రోవ వేసిన పెద్ద. ఆ త్రోవను రాజబాటగా మార్చినవారు తిరుపతి వేంకటకవులు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లోను, దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లోను జన్మించిరి. ఇరువురును చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి శిష్యులు. వేంకటశాస్త్రి కాశీకి పోవు దారిబత్తెమునకై అష్టావధానములు చేసెను; అనగా విద్య పూర్తి యయిన పిదప సభ కెక్కుట గాక, విద్య పూర్తిచేసికొనుటకే సభ కెక్కినాడు. ఇరువదేండ్ల ప్రాయమున ఇరువురును జంటగా శతావధానములకు దిగి, తమ సీమను విడిచి వేంకటగిరి, గద్వాల, ఆత్మకూరు మొదలగు సంస్థానములకు పయనమైరి. ఆ దర్శనముల పద్యములు ‘నానారాజసందర్శనము’ అను గ్రంథమయ్యెను. పండితులకు వాడుక గాని మీసములను పెంచి, తమ్ము గెలిచినవా రున్నచో తీసివేయుదుమని చాటిన ధైర్యమును లోకము నేటికిని చెప్పుకొనును.

గోదావరీతీరమున కీర్తి గడించిన కవులు రాళ్లదారులు పట్టి ఈ మెట్టసీమకు రావలసిన పని యేమి? కానుకలు ఒక కారణమే. అంతకన్న పెద్ద కారణము, తమ యూరి పృచ్ఛకుడు కవి బలము నెరిగి ప్రశ్నించును; పరాయి కొలువులోని వ్యాకరణపండితుడు, తార్కికుడు ఏమడుగుదురో ఎవ్వడును ఎరుగడు. తెలిసిన ప్రశ్నలలో గెలుచుట అభ్యాసము. తెలియని ప్రశ్నల నడుమ నిలుచుట విద్య. సంస్థానాధీశులు పండితులను పరీక్షింపజేసి తాహతును బట్టి ఏటేటా ఇచ్చు వార్షికములు నెలకొల్పుటలోని మర్మ మిదియే. ఒకనాటి బహుమానముతో ముగియక, మరుసటి యేడు మరల రమ్మని పిలుచు నట్టిది ఆ వార్షికము. తొట్రుపడిన యువకునకు మరల ప్రయత్నించు చోటు అందులో నుండెను.

పైకి పోదగినవాడు క్రిందనే నిలిచినచో కలుగు హాని యతనితోనే ఆగదు. సహాధ్యాయుల గోష్ఠిలో ప్రతినాడును తానే గెలుచు ప్రౌఢుడు పసివారికి రావలసిన మెప్పును తాను తిని, వారి నాలుక లేవకుండ చేయును. తొందరపడి పైకెగసినవాడు ఒకనాడు ఓడి మరల నేర్చుకొనవచ్చును; చులకన గెలుపులకు మరగినవానికి నేర్చుకొను దాహమే చచ్చును. రెంటిలో మొదటి దోషమే మేలని నా దృఢవిశ్వాసము.

అయితే ఆ కొలువు గడప అందరికిని సమానముగ తెరచియుండలేదని చెప్పక తప్పదు. ఇంగ్లండు క్రికెట్టులో ముచ్చటకై ఆడు దొరలకును కూలికై ఆడు ఆటకాండ్రకును నడుమ 1962 వఱకు వేర్పాటుండినట్లే, ఇచ్చటను పుట్టుక కట్టిన గోడలుండెను. అమరచింత దస్తీని కండువాగా ధరించి పండితుడు సభకు పోవుచుండగా, దానిని నేసినవాని కొడుకు ఆ సభలో పృచ్ఛకుడై కూర్చుండుట అరుదు.

గడప దాటనివారి గతి యేమయ్యెనో మరియొక గ్రంథము తెలుపును. తెలంగాణమున కవులు పూజ్యమను మాట పుట్టినప్పుడు, ఈ పాలమూరు సీమలోనే 1896లో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డి గారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి 354 మంది కవులను లోకమునకు చూపిరి. వారిలో పలువురు పల్లెలలో కూర్చుండి వ్రాసికొన్నవారు. వారికి విద్య లేక కాదు, తమ్ము పిలిచిన సభ లేక మరుగుపడిరి. ఒక్కొక్క పేరును వెదకి కూర్చిన ఆ సంపాదకుని శ్రమ చూచినప్పుడు నాకు కన్నులు చెమర్చును.

1949 ఆగష్టులో జాగీరుల రద్దుతో సంస్థానముల కాలము ముగిసెను. ఆత్మకూరు కొలువు చరిత్రలో కలిసిపోయెను. ఆ యేడే మద్రాసు ప్రభుత్వము చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారిని ఆస్థానకవిగా నియమించెను. ఒకప్పుడు దారిబత్తెమునకై సభ కెక్కిన ఆ బాలుడు, నడుమ బందరు పాఠశాలలో ఉపాధ్యాయుడై విశ్వనాథ సత్యనారాయణ వంటి శిష్యులను తీర్చి, వారి కొఱకు తానే ఒక గడపయై నిలిచెను. నేటి పిల్లలు పద్యము పాడినను, బంతి విసరినను, మగ్గము మీద అంచు కలిపినను, వారికి కావలసినది అట్టి పెద్దయే: తెగిన పోగు మీదికి బిడ్డ చేయి దానంతట అది పోవుట కనిపెట్టి, తాను లేచి గుంటలో చోటిచ్చువాడు.