విదేశాలలో భారతీయ డ్రైవింగ్ లైసెన్సు: మార్పిడి నిబంధనలు

(ప్రత్యేక వ్యాసం)

ఉన్నత విద్య, ఉద్యోగాల నిమిత్తం ఏటా వేలాది మంది తెలుగువారు విదేశాలకు వెళ్తున్నారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప వంటి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లేవారిలో డ్రైవర్ వృత్తిని నమ్ముకున్నవారు ఎందరో ఉన్నారు. స్వదేశంలో పొందిన లైసెన్సు పరదేశంలో ఎంతకాలం చెల్లుతుంది, దానిని అక్కడి లైసెన్సుగా ఎట్లు మార్చుకోవాలి అను విషయాలపై అవగాహన లేనందున పలువురు ఇబ్బందుల పాలవుతున్నారు. పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ముఖ్య నిబంధనలు ఈ దిగువన పొందుపరచడమైనది.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్

1949 నాటి జెనీవా రహదారి రాకపోకల ఒప్పందంలో భారతదేశం భాగస్వామి. తదనుగుణంగా ప్రాంతీయ రవాణా కార్యాలయాలు ఈ పర్మిట్‌ను జారీ చేస్తాయి. దరఖాస్తు ఫారం 4-ఎ లో చేసుకోవాలి. పర్మిట్ కాలపరిమితి ఒక సంవత్సరం. దరఖాస్తుతో పాటు వైద్య ధ్రువపత్రం, వీసా సమర్పించాలన్న నిబంధనను కేంద్ర ప్రభుత్వం 2021 జనవరిలో తొలగించింది. విదేశంలో ఉండగా పర్మిట్ గడువు తీరినవారు అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకొనే సౌకర్యాన్ని కూడా అప్పుడే కల్పించింది. అయితే ఈ పర్మిట్ అసలు లైసెన్సుకు తోడే గాని ప్రత్యామ్నాయం కాదు. రెండింటినీ వెంట ఉంచుకోవాలి.

దేశాలవారీ నిబంధనలు

కొన్ని దేశాల లైసెన్సులను పరీక్ష లేకుండానే మార్చి ఇచ్చే ఏర్పాటు పలుచోట్ల కలదు. దిగువ పేర్కొన్న నాలుగు దేశాలలో ఆ జాబితాలలో భారతదేశం లేదు.

బ్రిటన్: నివాసం ఏర్పరచుకొన్న నాటి నుండి 12 నెలల వరకు భారతీయ లైసెన్సుతో కారు నడపవచ్చు. తదుపరి అక్కడి ప్రొవిజనల్ లైసెన్సు పొంది, రాత పరీక్షలోను, డ్రైవింగ్ పరీక్షలోను ఉత్తీర్ణులు కావాలి.

జర్మనీ: ఈ గడువు ఆరు నెలలు మాత్రమే. పిమ్మట రెండు పరీక్షలూ తప్పనిసరి. కొత్తగా నేర్చుకొనేవారికి విధించిన నిర్బంధ తరగతుల నుండి మినహాయింపు ఉంటుంది.

జపాన్: లైసెన్సు పొందిన తరువాత దానిని జారీ చేసిన దేశంలో కనీసం మూడు నెలలు నివసించినట్లు రుజువు చూపాలి. కనుక ప్రయాణానికి ముందు హడావిడిగా పొందిన లైసెన్సు మార్పిడికి పనికిరాదు. 2025 అక్టోబరు నుండి రాత పరీక్ష ప్రశ్నలను 10 నుండి 50కి పెంచారు. 90 శాతం సరైన సమాధానాలు రావాలి.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్: నివాస వీసా పొందినవారు స్థానిక లైసెన్సు తీసుకోవలసిందే. స్వదేశీ లైసెన్సు గలవారు తరగతులు లేకుండా నేరుగా పరీక్షకు హాజరయ్యే ఒక అవకాశాన్ని దుబాయిలో 2023లో ప్రవేశపెట్టారు. అందులో తప్పినవారు శిక్షణలో చేరాలి.

అమెరికాలో లైసెన్సుల జారీ ఆయా రాష్ట్రాల పరిధిలోనిది. కావున నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి.

ముందు జాగ్రత్తలు

గడువు దాటిన తరువాత వాహనం నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్లే పరిగణిస్తారు. ప్రమాదం సంభవిస్తే బీమా పరిహారం దక్కకపోవచ్చు. డ్రైవర్‌గా పనిచేసేవారికి ఉపాధికే ముప్పు. స్వదేశంలోని లైసెన్సు కాలపరిమితిని కూడా ప్రయాణానికి ముందే సరిచూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం గడువు ముగియడానికి ఏడాది ముందు నుండే పునరుద్ధరణకు వీలుంది. గడువు ముగిసి ఏడాది దాటితే తిరిగి డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావలసి ఉంటుంది.

విదేశాలకు వెళ్లేవారు ఆయా దేశాల అధికారుల నుండి తాజా నిబంధనలను ధ్రువపరచుకొనవలెను. ఈ సమాచారాన్ని, ముఖ్యంగా వలస కార్మికులు అధికంగా గల గ్రామాలకు, చేరవేయవలసిందిగా ప్రచార మాధ్యమాలను, క్షేత్రస్థాయి అధికారులను కోరడమైనది.