చెవి పంపకుండానే తాళం

పుదుచ్చేరి వర్తకుడొకరు అమ్మకాల లెక్కల ఫైలును బ్రౌజరు ద్వారా జీఎస్‌టీ పోర్టల్‌కు పంపుతున్నారనుకోండి. 2017 జూలై 1న ఆ పన్ను వచ్చాక ఇది మామూలే. ఎవరికి ఎంతకు అమ్మారో అందులో ఉంటుంది. పోటీదారు కంటబడితే నష్టమే. కనుక దాన్ని గూఢలిపిలోకి మార్చాలి. మరి విప్పే తాళంచెవిని అవతలివారికి ఎలా అందించాలి? పూర్వం నమ్మకమైన మనిషి చేతికిచ్చి పంపేవారు.

1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్‌లు ఈ చిక్కు విప్పారు. ఇద్దరూ చెరొక సంఖ్యను రహస్యంగా దాచుకుని, దానితో లెక్కగట్టిన మరో సంఖ్యను బాహాటంగా పంపుకుంటారు. ఆపై ఎవరికి వారే ఒకే తాళంచెవిని రాబట్టుకుంటారు. సంఖ్యలు చాలా పెద్దవైతే, పొంచి వినేవారికి అది చిక్కదు. ఇలాంటి గణితాన్నే 1995లో నెట్‌స్కేప్ సంస్థ ఎస్‌ఎస్‌ఎల్ పేరిట బ్రౌజరులోకి తెచ్చింది.

ఒక్కటి మరవకండి: ఈ తాళం దారికే కాపలా. చేరవలసిన చిరునామాను సరిచూసుకోవలసింది మీరే.