ఈ సెలవు ఊరికే రాలేదు: క్రిస్మస్‌కి చూడాల్సిన ఊళ్ళు



నవంబర్ వచ్చిందంటే మనవాళ్ళందరి నోటా ఒకటే మాట. "క్రిస్మస్‌కి రెండు రోజులు ఆఫ్ దొరికింది, ఎక్కడికెళ్తే బాగుంటుంది?" లైట్లు బాగుండే ఊళ్ళ లిస్టులు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. నేను వేరే లిస్టు ఇస్తా. మనకి దొరికిన ఆ రెండు రోజులు అసలు ఎలా వచ్చాయో చూపించే ఊళ్ళు ఇవి. కొంచెం పెద్ద పోస్టు. బ్రేక్‌లోనో, రైల్లోనో నిదానంగా చదవండి.

మన దగ్గర క్రిస్మస్‌కి వెళ్ళే ఊరంటే ముందు గుర్తొచ్చేది మెదక్. ఆ చర్చిని 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు. 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. కరువులో తిండి లేక అల్లాడుతున్న జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించిన చర్చి అది. కట్టించిన పోస్నెట్ దొర పేరు అందరికీ తెలుసు. రాళ్ళు మోసినోళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా కనపడవు. ఇక్కడి పండగ ఊళ్ళలో కూడా అలా వెనక నిలబడ్డ జనం ఉన్నారు. వాళ్ళ సంగతే ఇది.

1. కాంటర్‌బరీ

లండన్ నుంచి రైల్లో గంట, గంటన్నర. చాలామంది అక్కడి పెద్ద చర్చి చూసి, ఫోటో దిగి వచ్చేస్తారు. ఇంగ్లండ్‌లో క్రిస్మస్ చరిత్ర మొదలయ్యేది కూడా దాదాపు ఇక్కడే. రోమ్ నుంచి వచ్చిన అగస్టీన్ అనే సన్యాసి 597లో ఈ ఊళ్ళో దిగాడు. ఆ సంవత్సరం క్రిస్మస్‌కి 10,000 మందికి పైగా బాప్టిజం తీసుకున్నారని అప్పటి పోప్ గ్రెగరీ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు.

నేను చెప్పాలనుకున్న కథ మాత్రం 1647 నాటిది. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరిగి పార్లమెంటు గెలిచిన రోజులు. అప్పుడు పార్లమెంటులో ప్యూరిటన్లది పైచేయి. క్రిస్మస్ తేదీ బైబిల్లో లేదు, జనం పండగ పేరు చెప్పి తాగుడూ జూదమూ ఆడుతున్నారు అని వాళ్ళ వాదన. 1647 జూన్‌లో క్రిస్మస్, ఈస్టర్ లాంటి పండగలన్నీ రద్దు చేస్తూ ఉత్తర్వు తెచ్చారు. చాలామంది దీన్ని క్రామ్‌వెల్ మీద వేస్తారు గానీ, అతను దేశాధినేత అయింది 1653లో. రద్దు చేసింది పార్లమెంటు.

ఇక్కడ మనలాంటోళ్ళు గమనించాల్సిన సంగతి ఒకటుంది. పండగలు తీసేస్తే పనోళ్ళకి సెలవులు కూడా పోతాయి కదా? అది వాళ్ళకీ తెలుసు. అందుకే అదే ఉత్తర్వులో, నౌకర్లకీ పని నేర్చుకునే కుర్రాళ్ళకీ నెలనెలా రెండో మంగళవారం ఆటవిడుపు అని రాశారు. అయితే యజమాని ఒప్పుకోవాలి! మేనేజర్ అప్రూవ్ చేస్తేనే లీవ్ అనేది ఇవాళ్టి మాట కాదన్నమాట.

ఆ డిసెంబర్ 25న కాంటర్‌బరీ మేయర్, రోజూ లాగే సంత జరగాలి, కొట్లు తెరవాలి అని చాటింపు వేయించాడు. ఓ డజను మంది తెరిచారు. జనం వచ్చి మూసెయ్యమన్నారు. వాళ్ళు మూయలేదు. సామాన్లు రోడ్డున పడ్డాయి. ఆపడానికి వచ్చిన మేయర్‌ని కింద పడేశారు. వీధుల్లో ఫుట్‌బాల్ ఆడారు. పండగ గుర్తుగా గుమ్మాలకి హోలీ కొమ్మలు కట్టారు. ఊరు కొన్నాళ్ళు జనం చేతుల్లోనే ఉంది. తర్వాత సైన్యం వచ్చి కోట గుమ్మాల తలుపులు తగలబెట్టి, గోడ కొంత పడగొట్టింది. మరుసటి ఏడాది అల్లరి చేసినోళ్ళ మీద కేసు పెట్టబోతే, స్థానిక జ్యూరీ ఒప్పుకోలేదు. దాని మీద మొదలైన గొడవ కెంట్ ప్రాంతమంతా పాకి తిరుగుబాటు అయింది. రాజు తిరిగొచ్చిన 1660 దాకా పండగ చట్టప్రకారం లేనట్టే.

భక్తితో వచ్చినోళ్ళు, రాజు మీద అభిమానంతో వచ్చినోళ్ళు కూడా ఆ జనంలో ఉన్నారు. అందరూ సెలవు కోసమే కొట్లాడారని నేననను. కానీ "ఆ రోజు కొట్టు తెరవం" అనే మాట మీదే గొడవ మొదలైంది. కాంటర్‌బరీ వెళ్తే ఊరి చుట్టూ మిగిలిన ఆ పాత గోడ మీద నడవండి. దానికి టికెట్ లేదు. చర్చిలో మామూలుగా టికెట్ ఉంటుంది గానీ, ప్రార్థన టైమ్‌కి వెళ్తే అడగరు.

2. మాంచెస్టర్

పండగ తిరిగొచ్చింది సరే. మరి ఫ్యాక్టరీలు వచ్చాక ఏమైంది? మిల్లులో యంత్రం ఆగితే యజమానికి నష్టం. పల్లెల్లో క్రిస్మస్ నుంచి 12 రోజులు సాగే పండగ, మిల్లు ఊళ్ళకి వచ్చేసరికి ఒక్క రోజుకి కుదించుకుపోయింది. ఆ ఒక్క రోజూ ఇవ్వనోళ్ళు కూడా ఉన్నారు. 1833లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో పనిచేసే పిల్లలకీ, 18 ఏళ్ళ లోపు వాళ్ళకీ క్రిస్మస్, గుడ్ ఫ్రైడే పూర్తి సెలవులుగా, ఇంకో 8 సగం రోజులు విడుపుగా ఇవ్వాలని చెప్పింది. చట్టంలో రాయాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి, అంతకుముందు పరిస్థితి ఏంటో.

పదేళ్ళ తర్వాత, 1843 అక్టోబర్ 5న, చార్లెస్ డికెన్స్ అనే రచయిత మాంచెస్టర్‌లో ఒక సభకి వచ్చాడు. పని చేసుకునేవాళ్ళు సాయంత్రం చదువుకునే అథీనియం అనే సంస్థకి డబ్బులు పోగుచేసే సభ అది. తన కొత్త కథ ఆలోచన ఆ రోజుల్లోనే వచ్చింది. ఆరు వారాల్లో రాసేశాడు. డిసెంబర్ 19న 'ఎ క్రిస్మస్ కేరల్' విడుదలైంది. క్రిస్మస్ ముందు రోజుకే 6,000 కాపీలు అయిపోయాయి.

అందులో స్క్రూజ్ అనే పిసినారి ముసలాయన, అతని దగ్గర గుమాస్తా బాబ్ క్రాచిట్. కథ మొదట్లోనే లీవ్ దగ్గర పేచీ ఉంటుంది. రేపు క్రిస్మస్, రోజంతా సెలవు కావాలి అని బాబ్ అంటే, పని చెయ్యని రోజుకి జీతం ఎందుకివ్వాలని స్క్రూజ్ సణుగుతాడు. ఇచ్చి, తర్వాత రోజు ఇంకా పొద్దున్నే రమ్మంటాడు. బాబ్ జీతం వారానికి 15 షిల్లింగులు. ఆ పుస్తకం వెల 5 షిల్లింగులు. అంటే బాబ్ లాంటోడు తన గురించి రాసిన పుస్తకం కొనుక్కోవాలంటే వారం జీతంలో మూడో వంతు పోవాలి. ఈ లెక్క నాకు ఎప్పుడూ గుర్తుండిపోతుంది.

మాంచెస్టర్‌లో ఇప్పుడు జర్మన్ తరహా మార్కెట్టు పెద్దది. అక్కడ ఒక ప్లేటు సాసేజీ రేటు చూస్తే మనకి గంట జీతం గుర్తొస్తుంది. చూసి తిరగండి, చాలు. పాత అథీనియం భవనం ఇప్పుడు ఊరి ఆర్ట్ గ్యాలరీలో భాగం. పీపుల్స్ హిస్టరీ మ్యూజియం అని ఇంకోటుంది. కార్మికుల చరిత్ర అంతా అందులోనే, యూనియన్ జెండాలతో సహా. రెండూ ఉచితం. కానీ పండగ రోజుల్లో మూసేస్తారు, కాబట్టి 23 లోపే వెళ్ళేలా చూస్కోండి.

3. షెఫీల్డ్

25న పెద్దింటి నౌకర్లకి సెలవు ఎక్కడిది? దొరల విందు వండి వడ్డించేది వాళ్ళే. వాళ్ళకి మర్నాడు విడుపు, చేతిలో ఒక డబ్బానో నాలుగు డబ్బులో. అలా 26కి బాక్సింగ్ డే అనే పేరు నిలిచిందని ఎక్కువమంది చెప్పే మాట. ముష్టియుద్ధానికి దీనికి సంబంధం లేదు. నేను వచ్చిన కొత్తలో మా రూమ్మేట్లు అందరూ టీవీలో బాక్సింగ్ ఎక్కడొస్తుందా అని వెతికారు!

1860 డిసెంబర్ 26న షెఫీల్డ్‌లోని శాండీగేట్ మైదానంలో షెఫీల్డ్, హాలమ్ అనే రెండు క్లబ్బులు ఫుట్‌బాల్ ఆడాయి. షెఫీల్డ్ 2-0తో గెలిచింది. రెండు క్లబ్బుల మధ్య జరిగిన మొట్టమొదటి మ్యాచ్ అదే. ఆ మైదానంలో ఇప్పటికీ ఆడుతున్నారు. పదకొండేళ్ళ తర్వాత, 1871లో, జాన్ లబ్బాక్ అనే బ్యాంకరు పార్లమెంటులో బ్యాంకు సెలవుల చట్టం తెచ్చాడు. ఇంగ్లండ్‌లో డిసెంబర్ 26 చట్టప్రకారం సెలవైంది అప్పుడే. జనం ఎంత సంతోషపడ్డారంటే, ఆ సెలవులకి సెయింట్ లబ్బాక్ రోజులని సరదాగా పేరు పెట్టుకున్నారు.

షెఫీల్డ్‌కి ఇంకో ప్రత్యేకత ఉంది. ఆ ఊరి పడమటి పల్లెల్లో నవంబర్ మధ్య నుంచి బాక్సింగ్ డే దాకా పబ్బుల్లో పాత క్రిస్మస్ పాటలు పాడతారు. మిగతా దేశంలో వినపడని పాటలు, మిగతా దేశంలో లేని బాణీలు. మన ఊళ్ళో భజన ఎలా ఉంటుందో అలా, అందరూ గొంతు కలపడమే. తాగని వాళ్ళు కూడా ఒక కోక్ తీసుకుని మూల నిలబడొచ్చు.

4. లింకన్, బర్మింగ్‌హామ్

ఈ చెక్క కొట్లు, వేడి వైను, బెల్లం వాసన వచ్చే బిస్కెట్లు ఇంగ్లండ్‌లో అనాదిగా ఉన్నాయనుకుంటాం. కాదు. జర్మనీలో డ్రెస్డెన్ మార్కెట్టు 1434 నుంచి ఉంది. ఇక్కడికి వచ్చింది నిన్నగాక మొన్న. లింకన్ వాళ్ళు జర్మనీలోని తమ జంట ఊరు నాయ్‌స్టాట్ వెళ్ళి చూసొచ్చి, 1982లో 11 స్టాళ్ళతో మొదలుపెట్టారు. అది పెరిగి పెరిగి 2022లో నాలుగు రోజుల్లో 3 లక్షలకు పైగా జనం వచ్చారు. కొండ మీది ఇరుకు వీధులు, ప్రమాదం అని కౌన్సిల్ ఆ మార్కెట్టునే ఆపేసింది. కాబట్టి పాత వీడియోలు చూసి లింకన్ మార్కెట్టుకి టికెట్లు బుక్ చెయ్యకండి. కొండ మీది కోట, చర్చి కోసం అయితే వెళ్ళండి.

బర్మింగ్‌హామ్‌ది ఫ్రాంక్‌ఫర్ట్‌తో స్నేహం. 1997లో ఒకసారి పెట్టారు, 2001 నుంచి ఏటా జరుగుతోంది. మనవాళ్ళు ఎక్కువ ఉండే ఊరు కాబట్టి సాయంత్రం మార్కెట్టు చూసి, దోసె తిని, ఆఖరి బస్సుకి ఇల్లు చేరొచ్చు.

5. ఎడిన్‌బరా

ఇంగ్లండ్‌లో రద్దు 1660తో పోయింది. స్కాట్లండ్‌లో కథ వేరు. అక్కడి పార్లమెంటు 1640లోనే క్రిస్మస్ సెలవుల్ని తీసేసింది. తర్వాత చట్టాలు మారినా, అక్కడి చర్చికి క్రిస్మస్ అంటే పడదు, ఆ అలవాటు జనంలో ఉండిపోయింది. డిసెంబర్ 25న ఫ్యాక్టరీలు నడిచేవి, జనం పనికెళ్ళేవాళ్ళు. అందరికీ సెలవు రోజుగా గుర్తించింది 1958లో. అంటే మన తాతల కాలంలో కూడా స్కాట్లండ్ కార్మికుడికి అది మామూలు పనిరోజే. అందుకే వాళ్ళ పండగంతా కొత్త సంవత్సరం మీద పడింది. హాగ్‌మనే అంటారు. ఇప్పటికీ అక్కడ జనవరి 2 కూడా సెలవు. మీకు క్రిస్మస్‌కి కాకుండా న్యూ ఇయర్‌కి ఆఫ్ దొరికిందనుకోండి, ఏం బాధపడక్కర్లేదు. ఎడిన్‌బరా వెళ్ళండి.

ఇక వెళ్ళే ముందు

25న రైళ్ళు ఉండవు. లండన్ ట్యూబు కూడా ఉండదు. 26న కూడా చాలా తక్కువ. కొన్ని దూరం కోచ్ బస్సులు మాత్రం తిరుగుతాయి. 24 సాయంత్రానికే చేరాల్సిన చోటికి చేరిపోండి. ఇదీ చరిత్రే. 1960ల దాకా 25న రైళ్ళు నడిచేవి. రైల్వే వాళ్ళు కూడా ఇంట్లో ఉండే రోజు ఇప్పుడు అది.

పెద్ద షాపులు 25న మూసి ఉండేది కూడా దయతో కాదు. షాపు ఉద్యోగుల యూనియన్ పోరాడితే 2004లో ఇంగ్లండ్, వేల్స్‌కి చట్టం వచ్చింది. 280 చదరపు మీటర్లు దాటిన షాపు ఆ రోజు తెరవకూడదు. చిన్న షాపులకి, హోటళ్ళకి ఆ రూలు లేదు. కేర్ హోమ్‌లకి, హాస్పిటళ్ళకి ఎలాగూ లేదు. అందుకే 25న టిల్లు దగ్గర, వంటింట్లో, పేషెంటు మంచం పక్కన కనపడేది ఎక్కువగా ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

కాబట్టి ఒక మాట. బ్యాంకు సెలవు రోజున ఆఫ్ ఇచ్చి తీరాలని గానీ, పని చేస్తే ఎక్స్‌ట్రా ఇవ్వాలని గానీ ఇక్కడి చట్టంలో లేదు. అది మీ కాంట్రాక్టులో ఉంటుంది. తీసి చదవండి. కానీ సంవత్సరానికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు మాత్రం మీ హక్కు. వారానికి 5 రోజులు చేసేవాళ్ళకి 28 రోజులు. బ్యాంకు సెలవుల్ని అందులో కలుపుకోవచ్చు. పార్ట్ టైమ్ వాళ్ళకీ, ఏజెన్సీ వాళ్ళకీ వాళ్ళ గంటల లెక్కన వస్తుంది. వీసా మీద ఉన్నామని అది తగ్గదు. ఇంతకుముందు 4 వారాలే ఉండేది. బ్యాంకు సెలవులు అందులోనే మింగేస్తున్నారని గొడవ చేస్తే 2009కి 5.6 అయింది. ఎవరో అడిగితేనే ఇదీ వచ్చింది.

25న డ్యూటీ పడ్డవాళ్ళు, ఆ వారంలో ఇంకో రోజు ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. డిసెంబర్ 20న అడిగితే రోటా అయిపోయింది అంటారు. ఆఫ్ ఉన్నవాళ్ళు ఒక బాక్సు పులిహోర ఎక్కువ కలిపి, డ్యూటీ నుంచి వచ్చే రూమ్మేటుకి ఉంచండి. ఈసారి ఎవరు ఏ ఊరు వెళ్తున్నారో కింద రాయండి. కాంటర్‌బరీకి నేను కూడా వస్తా, 28న ఆఫ్ ఉంది.