రంగూన్‌పై జపాను వైమానిక దాడులు (1941-42)

రెండవ ప్రపంచ యుద్ధంలో 1941 డిసెంబరు 23 మొదలుకొని 1942 ఫిబ్రవరి వరకు జపాను సైనిక విమానాలు బ్రిటిషు బర్మా రాజధాని అయిన రంగూన్ (నేటి యాంగోన్) నగరంపై పలుమార్లు బాంబులు కురిపించాయి. ఈ దాడులనే '''రంగూన్‌పై జపాను వైమానిక దాడులు''' అని వ్యవహరిస్తారు. నగర జనాభాలో సగానికి పైగా భారతీయులు కావడం వలన, రేవులో మూటలు మోసేవారిలో అత్యధికులు తెలుగువారు కావడం వలన, ఇది ఆంధ్రదేశ చరిత్రలో కూడా ఒక ముఖ్య ఘట్టం. మన పాఠ్యపుస్తకాలలో దీనికి తగిన చోటు దొరకలేదు.

== తెలుగువారి రంగం ==

కోస్తా జిల్లాల పెద్దలు రంగూనును "రంగం" అనేవారు. "రంగం పోయాడు" అంటే ఊరిలో పని దొరకక ఓడ ఎక్కాడని అర్థం. బర్మాలో తెలుగువారికి "కోరంగీలు" అనే పేరు వచ్చింది. గోదావరి ముఖద్వారం వద్ద, కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి రేవు నుండి తొలి నావలు వెళ్ళడమే ఈ పేరుకు కారణం. 1839 తుపానులో కోరంగి దెబ్బతిన్నది. తరువాతి కాలంలో కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు కూలీలను రంగూనుకు చేరవేసేవి.

విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల నుండి ఈ వలస ఎక్కువగా సాగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా సస్యశ్యామలమైనా, భూమి లేని కుటుంబాలకు ఏడాది పొడవునా పని ఉండేది కాదు. మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము బయానా ఇచ్చి మనుషులను కూడగట్టేవాడు. ఆ అప్పు తీరేవరకు కూలీ అతని చెప్పుచేతలలో ఉండవలసినదే. అక్కడ ధాన్యపు మిల్లులు, రేవు, రిక్షాలు, పారిశుధ్యం వీరి చేతుల మీదుగా నడిచేవి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు. బర్మా మొత్తం మీద భారతీయులు 10 లక్షలకు పైగా ఉండగా, వారిలో తెలుగువారు సుమారు లక్షన్నర.

స్థానికులతో సంబంధాలు సజావుగా లేవు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె చేయగా, కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. సమ్మె ముగిసి పాతవారిని తిరిగి తీసుకున్నప్పుడు అల్లర్లు చెలరేగి నూరు మందికి పైగా హతులయ్యారు. 1938లో మరల భారతీయ వ్యతిరేక అల్లర్లు జరిగాయి. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి వేరు కావడంతో కూలీలు చట్టరీత్యా కూడా పరదేశులయ్యారు. 1941 డిసెంబరులో జరిగినదానిని అర్థం చేసుకోవడానికి ఈ పూర్వరంగం అవసరం.

== దాడులకు కారణం ==

చైనాలో చియాంగ్ కై షేక్ ప్రభుత్వానికి అమెరికా పంపే యుద్ధసామగ్రి రంగూన్ రేవులో దిగేది. అక్కడి నుండి రైలు మీద లాషియోకు, ఆపై బర్మా రోడ్డు మీద లారీలలో కున్మింగుకు వెళ్ళేది. రంగూన్ రేవు మూతపడితే ఈ దారి తెగిపోతుంది. 1941 డిసెంబరు 8న జపాను సేనలు థాయిలాండులో ప్రవేశించిన తరువాత బాంకాకు విమానాశ్రయం వారికి అందుబాటులోకి వచ్చింది. బాంకాకు నుండి రంగూనుకు ఆకాశమార్గాన సుమారు 580 కిలోమీటర్లు. రెండు ఇంజన్ల మిత్సుబిషి బాంబర్లకు ఇది పెద్ద దూరం కాదు గాని, వాటికి కాపలాగా వచ్చే చిన్న యుద్ధవిమానాలకు రానుపోను ప్రయాణం కష్టమైనదే.

నగర రక్షణకు మింగలడాన్ విమానాశ్రయంలో బ్రిటిషు వారి 67వ స్క్వాడ్రనుకు చెందిన బఫెలో విమానాలు, "ఫ్లయింగ్ టైగర్స్" అని పేరుపొందిన అమెరికను స్వచ్ఛంద దళానికి చెందిన పి-40 విమానాలు ఉండేవి. ముక్కుమీద సొరచేప నోరు చిత్రించిన ఈ పి-40ల ఫోటోలు చాలామంది చూచే ఉంటారు.

== డిసెంబరు 23, 25 ==

డిసెంబరు 23 ఉదయం బాంబర్లు మింగలడాన్ పైన, రేవు పైన, నగరం నడిబొడ్డున దాడి చేశాయి. జనం పరుగెత్తి దాగుకొనలేదు. ఆకాశంలో విమానాల పోరాటం చూడడానికి వీధులలోకి, రేవు గట్ల మీదకు వచ్చి నిలుచున్నారు. అంతకుముందు వారెవరూ అటువంటిది చూచి ఎరుగరు. పడినవి ఎక్కువగా నేలను తాకగానే ముక్కలై నలువైపులా చిమ్మే చిన్న బాంబులు. ఆరుబయట గుంపుగా ఉన్నవారికి అవి ప్రాణాంతకాలు. రంగూన్ నది ఒడ్డున పల్లపు నేలలో ఉన్నది. కొద్దిగా తవ్వగానే నీరు ఊరుతుంది, కాబట్టి లోతైన కందకాలు తీయడానికి వీలులేకపోయింది. కూలీలు కిక్కిరిసి నివసించే ఇళ్ళలో ఆశ్రయం అనే మాటే లేదు.

ఆ ఒక్కరోజున వెయ్యి మందికి పైగా మరణించారు. కొన్ని గ్రంథాలలో ఈ సంఖ్య 2,000 వరకు ఉన్నది. ఇద్దరు అమెరికను పైలట్లు కూడా మరణించారు. క్రిస్మస్ నాడు, డిసెంబరు 25న, జపాను వారు మరింత యుద్ధవిమానాల అండతో మరల వచ్చారు. రెండు రోజులలోను వారి బాంబర్లు పలు కూలిపోయాయి. జనవరి చివరి వారంలో మింగలడాన్ పైన ఆధిపత్యం కోసం పగటిపూట చేసిన ప్రయత్నాలు కూడా ఫలించలేదు. యుద్ధచరిత్రకారులు దీనిని రక్షకుల విజయంగా రాస్తారు. ఆకాశం వరకు అది నిజమే.

== రేవు నిలిచిపోవుట ==

నేల మీద కథ వేరు. బాంబులు రేవు గోదాములను పూర్తిగా నాశనం చేయలేదు. ఓడలను ఖాళీ చేసే మనుషులను చెదరగొట్టాయి. 23వ తేదీ తరువాత కళాసీలు, మిల్లు కూలీలు, పారిశుధ్యపు పనివారు కుటుంబాలతో సహా ప్రోమ్ వైపు రోడ్డు పట్టారు. యుద్ధసామగ్రితో వచ్చిన ఓడలు సరుకు దించేవారు లేక నిలిచిపోయాయి. వీధులలో చెత్త పేరుకుపోయింది. కోరంగీల చేతులు లేనిదే ఆ రాజధాని ఒక్కరోజు కూడా నడవదని పాలకులకు అప్పుడు తెలిసివచ్చింది.

గవర్నరు రెజినాల్డ్ డోర్మన్ స్మిత్ ప్రభుత్వం ప్రోమ్ దారిలో ఉన్న వారిలో చాలామందిని నచ్చజెప్పి వెనుకకు రప్పించింది. ఆ తరువాత రేవు కొంతవరకు పనిచేసింది. దృఢకాయులైన మగ కూలీలు ఓడల డెక్కు మీద ప్రయాణించకుండా కొంతకాలం ఆంక్షలు కూడా విధించారు. కొందరు ఆంగ్ల రచయితలు కూలీల పలాయనాన్ని పిరికితనంగా చిత్రించారు. ఈ అభిప్రాయం సమంజసం కాదు. తలదాచుకొనే చోటు లేదు. నగరంలో శాంతిభద్రతలు సడలితే 1930 నాటి కత్తులు మరల లేస్తాయన్న భయం ఉన్నది. ఆ స్థితిలో బిడ్డలను తీసుకొని బయలుదేరడం వివేకమే.

== కాలినడకన స్వదేశానికి ==

1942 ఫిబ్రవరి 20న నగరం ఖాళీ చేయవలసినదిగా ఉత్తరువు వెలువడినది. ఫిబ్రవరి 23న సిట్టాంగ్ వంతెనను బ్రిటిషు సేనలే కూల్చివేశాయి. మార్చి 8న రంగూన్ జపాను వశమైనది. అంతకుముందు సుమారు 70,000 మంది సముద్రమార్గాన భారతదేశపు రేవులకు చేరుకున్నారు. మిగిలినవారికి నడకే దిక్కయింది. ప్రోమ్ నుండి టౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి కొందరు, టము మీదుగా ఇంఫాలుకు మరికొందరు వెళ్ళారు. చివరికి మిగిలినవారు హుకాంగ్ లోయ మీదుగా అస్సాంకు దారి తీశారు. సుమారు 4 నుండి 5 లక్షల మంది ఈ విధంగా తరలివచ్చినట్లు అంచనా. కలరా, మలేరియా, ఆకలి, వర్షాకాలపు బురద కలిసి ఎందరిని పొట్టన పెట్టుకొన్నాయో లెక్క తేలలేదు. అంచనాలు 10,000 నుండి 50,000 వరకు, కొన్ని అంతకు మించి ఉన్నాయి. దారిలో తెల్లవారికి ఒక విధంగా, భారతీయులకు మరొక విధంగా ఏర్పాట్లు చేశారని జవహర్‌లాల్ నెహ్రూ తదితర నాయకులు బహిరంగంగా విమర్శించారు.

== ఈవలి ఒడ్డున ==

కాందిశీకులు ఇంకా దారిలో ఉండగానే యుద్ధం వారికంటే ముందు స్వస్థలాలకు చేరింది. 1942 ఏప్రిల్ 5న జపాను విమానవాహక నౌకాదళం సింహళ రాజధాని కొలంబోపై దాడి చేసింది. మరుసటి రోజు, ఏప్రిల్ 6న, అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో నౌక నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. భారత ప్రధాన భూభాగంపై జపాను బాంబులు పడటం అదే మొదలు. రంగూనుతో పోలిస్తే నష్టం స్వల్పమే అయినా, కోస్తా పట్టణాల నుండి జనం పల్లెలకు తరలిపోయారు. రాష్ట్ర రాజధాని మద్రాసులో కూడా కలవరం రేగి ప్రభుత్వ కార్యాలయాలు పలు లోతట్టు ఊళ్ళకు మారాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన విశాఖ సింధియా నౌకానిర్మాణ కేంద్రం పని ఈ దాడితో వెనుకబడినది. అక్కడ మొదటి ఓడ "జల ఉష" 1948లో గాని నీటిలో దిగలేదు. ఆ దాడిలో పడి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉన్నది. సముద్రతీరంలో నాటి కాంక్రీటు కాపలా గూళ్ళు కూడా కొన్ని మిగిలి ఉన్నాయి.

== తరువాత ==

జపాను ఆధీనంలోకి వెళ్ళిన రంగూనుపై 1942 చివరి నుండి మిత్రరాజ్యాల బాంబర్లు బెంగాల్ స్థావరాల నుండి వచ్చి దాడులు చేశాయి. అప్పటికి అక్కడే చిక్కుకుపోయిన తెలుగువారు ఇరుపక్షాల బాంబులను చవిచూచారు. 1945 మే 3న నగరం తిరిగి బ్రిటిషు వారి చేతికి వచ్చింది. నగరానికి ఉత్తరాన టౌక్యాన్ వద్ద ఉన్న రంగూన్ స్మారకంపై సమాధి ఎరుగని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు చెక్కారు. అది సైనికుల స్మారకం. రేవు కూలీలు దాని పరిధిలోకి రారు.

యుద్ధానంతరం కొందరు తిరిగి వెళ్ళినా, 1947 నాటి బర్మా వలస చట్టం వలన పూర్వపు రాకపోకలు సాగలేదు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం ఏర్పడి వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత మరొక విడత తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. విశాఖపట్నంలో కంచరపాలెం సమీపాన ఉన్న బర్మా క్యాంపు వారి పేరునే ఏర్పడినది.