బాగా అంటే ఊపిరితిత్తులు

ఫిలిప్పీన్స్‌లోని క్వెజోన్ సిటీలో కాపురం పెట్టిన కొత్తలో, పక్కింటావిడ తన ఐదేళ్ల కొడుకు వీపు నిమురుతూ "మహీనా ఆంగ్ బాగా" అంది. నా చెవికి అందింది ఆ చివరి మాటే. పిల్లాడికి బాగుందంటోంది కాబోలనుకుని నవ్వాను. ఆవిడ మొహం చిన్నబోయింది. తగాలోగ్‌లో బాగా అంటే ఊపిరితిత్తులట, మహీనా అంటే బలహీనమట. బిడ్డ జబ్బు చెబుతున్న తల్లి ఎదుట నవ్విన ఆ నవ్వు నన్నింకా బాధపెడుతుంది.

ఆ పిల్లాడికి వచ్చినదాన్ని ఇక్కడ 'ప్రైమరీ కాంప్లెక్స్' అంటారు. పసిపిల్లలకు వచ్చే క్షయ. టీబీ అనే మాట నోట రానివ్వరు. మన పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పేవారే, అలాగే.

ఇక్కడ బడికెళ్లే పిల్లల చొక్కా వెనక, మెడ దగ్గర, చిన్న తువ్వాలు అంచు కనిపిస్తుంది. దాన్ని బింపో అంటారు. చెమట వీపు మీదే ఆరిపోతే ఊపిరితిత్తులు పాడవుతాయని తల్లుల నమ్మకం. మన అమ్మలు తడి తల ఆరేదాకా కొంగుతో రుద్దినట్టే. క్షయ గాలిలో వస్తుంది గానీ చెమటతో రాదని నాకు తెలుసు. అయినా ఆ తువ్వాలును తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఈ దేశం తన గొప్పవాళ్లను ఎందరిని ఆ దగ్గుకు పోగొట్టుకుందో చదివాక అసలు రాదు.

స్పెయిన్ ఏలుబడిని ఎదిరిస్తూ స్పెయిన్‌లోనే కూర్చుని 'లా సొలిదారిదాద్' అనే పత్రిక నడిపారు ఇక్కడి యువకులు. దానికి మొదటి సంపాదకుడు గ్రాసియానో లోపెజ్ హాయెనా, తర్వాతివాడు మార్సెలో డెల్ పిలార్. ఇద్దరూ 1896లో, కొన్ని నెలల తేడాతో, బార్సిలోనాలో క్షయతో పోయారు. ఇద్దరూ దరిద్రంలోనే పోయారు. దగ్గుతూ రాసిన ఆ చివరి నెలల్లో వాళ్లకు ఇంటి అన్నం ఎంత గుర్తొచ్చి ఉంటుందో! పరాయి ఊళ్లో జ్వరం వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఆ ఆలోచన నన్ను వదలదు.

మా ఊరికి పేరిచ్చిన మాన్యుయెల్ క్వెజోన్ కథా అలాంటిదే. 1935లో ఈ దేశానికి అధ్యక్షుడయ్యేనాటికే ఆయనకు క్షయ ఉంది. జపాన్ సేనలు ముంచుకొస్తుంటే కొరెహిదోర్ ద్వీపంలో మలింటా సొరంగంలోకి చేరాడు. ఆ దుమ్ములో, తేమలో దగ్గుతూనే 1941 డిసెంబరు 30న రెండోసారి ప్రమాణం చేశాడు. తర్వాత జలాంతర్గామిలో తప్పించారు. 1944 ఆగస్టు 1న, క్షయ వైద్యానికి పేరుపడ్డ అమెరికా ఊరు సారనాక్ లేక్‌లో కన్నుమూశాడు. స్ట్రెప్టోమైసిన్ అనే మందును అప్పటికే కనుక్కున్నారు. దాంతో క్షయ రోగికి వైద్యం మొదలైంది ఆ నవంబరులో. ఇంకో నాలుగు నెలలు! ఈ దేశాన్ని విడిపించడానికి అమెరికా సేనలు లేతే ద్వీపంలో దిగింది కూడా ఆ అక్టోబరులోనే. మందూ, మాతృభూమీ రెండూ ఆయనకు నెలల తేడాలో తప్పిపోయాయి. ఇరవై పెసోల నోటు మీద ఆయన బొమ్మ చూసినప్పుడల్లా నేను ఆ నెలలే లెక్కపెడతాను.

ఆయన పేరిట ఇక్కడ క్షయ ఆసుపత్రి ఉంది, క్వెజోన్ ఇన్‌స్టిట్యూట్. కట్టడం గీసింది హువాన్ నాక్పిల్. దాన్ని నడిపే క్షయ నివారణ సంఘం పనికి సర్కారు లాటరీ టికెట్ల డబ్బు కూడా తోడైంది. ఆ విశాలమైన కిటికీలను చూస్తే నాకు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం గుర్తొస్తుంది. నేను ఆ చుట్టుపక్కల పుట్టినదాన్ని. మంచి గాలీ, విశ్రాంతీ తప్ప మందు లేని రోజుల్లో ఎక్కడెక్కడివాళ్లో అక్కడికి వచ్చేవారట. శానిటోరియం మంచం అక్కర్లేదు, ఇంట్లో ఉండి మందు మింగినా దాదాపు అంతే నయమవుతుందని తేల్చింది 1950ల్లో మన మద్రాసులో జరిగిన పరిశోధనే. ఇక్కడి పేదలకూ ఇవాళ అదే దారి. బరంగాయ్ అంటే పేట; ఆ పేట ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. ఎదురుగా కూర్చోబెట్టి మింగించే ఆ పద్ధతిని 'తుతోక్ గముతాన్' అంటారు.

మరి జబ్బు ఎందుకు పోలేదు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2023లో ఇక్కడ లక్ష మందిలో 600 మందికి పైగా కొత్తగా క్షయ బారిన పడ్డారు. మన దేశంలో అది 200 లోపు. ఒకే గదిలో ఎనిమిది మంది పడుకునే ఇళ్లు నేను చూశాను. అంతకంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటుంది. ఇక్కడ లక్షలమంది బతుకు గల్ఫ్ ఉద్యోగాల మీదే. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనబడితే 'అన్‌ఫిట్'. ఆ మాట విలువ కరీంనగర్‌లోనూ కోనసీమలోనూ ఎవరికీ చెప్పక్కర్లేదు. కుటుంబం మొత్తం ఆ ఒక్క ఫిల్మ్ మీద ఆధారపడితే దగ్గును దాచుకోకుండా ఎవరుంటారు?

పక్కింటి పిల్లాడు ఆరు నెలలూ మందు మింగాడు. మొదటివారం మూత్రం నారింజరంగులో వస్తే తల్లి బెదిరిపోయి "ఆతే, ఆతే" అంటూ నా తలుపు తట్టింది. ఆతే అంటే అక్క. రిఫాంపిసిన్ వల్ల అలాగే వస్తుందని ఆరోగ్య కేంద్రం అమ్మాయి ఫోన్‌లో చెప్పాకే ఇద్దరం కూర్చున్నాం. వాడిప్పుడు పరిగెడుతున్నాడు, వీపున బింపోతో. నిన్న మా పాప ఆడుకుని చెమటతో వస్తే, ఆవిడ నన్నడక్కుండానే ఒక బింపో మడిచి దాని చొక్కా వెనక దోపింది. నేను తియ్యలేదు.