ముందు ఊరు, చివర పేరు: మైకు గొంతు పుట్టుపూర్వోత్తరాలు

బండలాగుడు పోటీకి వెళ్లినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఎద్దుల జత బరిలో అడుగుపెట్టకముందే వాటి రైతు మైకులో వచ్చేస్తాడు. ముందు జిల్లా పేరు, తర్వాత మండలం, తర్వాత ఊరు, ఆ తర్వాత ఇంటిపేరు. మనిషి పేరు అన్నిటికన్నా చివర. మండలం పేరు వినగానే జనంలో ఒక మూల కదులుతుంది. ఊరి పేరు పడగానే ఈలలు మొదలవుతాయి. ఇంటిపేరు దగ్గరికొచ్చేసరికి తువ్వాళ్లు గాల్లో తిరుగుతాయి. అసలు పేరు పలికేసరికి ఆ హోరులో అది ఎవరికీ సరిగా వినపడదు. వినపడనవసరమూ లేదు, అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

షికాగోలో ఇదే పని చేసినాయన పేరు రే క్లే. 1990 నుంచి 2002 దాకా అక్కడి బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు మైకు గొంతు ఆయనదే. ఆట మొదలయ్యే ముందు స్టేడియంలో దీపాలన్నీ ఆర్పేసేవాళ్లు. ఆయన ఒక్కో ఆటగాడినీ పిలిచేవాడు. చదివిన యూనివర్సిటీ ముందు, ఆడే స్థానం తర్వాత, ఎత్తు తర్వాత, పేరు ఆఖర్న. నార్త్ కరోలినా అన్న మాట నోట్లోంచి రాగానే స్టేడియం లేచి నిలబడేది. మైకేల్ జోర్డాన్ అన్న పేరు ఆ కేకల కింద పడిపోయేది. అమెరికాలో ఆ తరం అభిమానులు ఇప్పటికీ ఆ గొంతు కోసం పాత వీడియోలు వెతుక్కుని వింటుంటారు.

రే క్లే మన తిరునాళ్లకు రాలేదు, మన మైకు మనిషి షికాగో వెళ్లలేదు. అయినా ఇద్దరికీ ఒకటే కిటుకు దొరికింది. పేరును దాచిపెట్టి, దాని చుట్టూ ఉన్నవన్నీ ముందు పరిచి, జనం తమంతట తాము ఆ పేరు దగ్గరికి వచ్చేలా చెయ్యడం. సమాచారం చెప్పడం ఈ పనిలో చిన్న భాగం. ఒక మనిషిని వేలమంది ముందు నిలబెట్టి, వాళ్ల చేత వాణ్ని ఒప్పించడం అసలు పని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో ఈ విద్యకు చాలా పాత వేళ్లున్నాయి.

పెనుకొండ నుంచే మొదలుపెట్టాలి. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజధాని హంపి నుంచి ఇక్కడికి మారింది. తిరుమల రాయలు ఇక్కణ్నుంచే ఏలాడు. రాజు కొలువులోకి వచ్చేముందు వందిమాగధులు కైవారాలు చదవడం ఆనాటి రాచమర్యాద. గెలిచిన దేశాలు, పొందిన బిరుదులు, వంశం, చివర రాజు పేరు. ఆ వరస ఇప్పుడు బరిలో ఎద్దుల రైతుకు చదివే వరసే. రాజులు పోయారు, కైవారం మట్టుకు కాపువాడికి దక్కింది. ఇది నాకు చాలా ఇష్టమైన మార్పు.

ఊళ్లలో ఇంకో గొంతు ఉండేది. తప్పెట కొట్టి, నాలుగు వీధుల కూడలిలో ఆగి, ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ అని మొదలుపెట్టే దండోరా. పన్ను కట్టమన్నా, చెరువు తూము ఎత్తుతున్నామన్నా, జాతర తేదీ చెప్పినా అదే గొంతు. దండోరా వేసేవాడికి ఊరంతా తెలుసు, ఊరంతటికీ వాడి గొంతు తెలుసు. ఎంత పెద్ద గొంతైనా ఒక వీధి దాటదు కాబట్టి వీధివీధికీ తిరగాల్సి వచ్చేది.

ఆ తిరుగుడును తగ్గించిన యంత్రం కాలిఫోర్నియాలో పుట్టింది. పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు తాము తయారుచేసిన లౌడ్‌స్పీకర్‌ను 1915 క్రిస్మస్ ముందురోజు శాన్ ఫ్రాన్సిస్కోలో జనం మధ్య వినిపించారు. 1919లో శాన్ డియాగోలో అధ్యక్షుడు విల్సన్ అదే సాధనంతో దాదాపు యాభై వేలమందికి ప్రసంగం వినిపించాడు. మన దేశంలో మోత్వానీ కుటుంబం నడిపిన షికాగో రేడియో కంపెనీ 1930ల తొలినాళ్ల నుంచి కాంగ్రెస్ సభలకు మైకులు అమర్చింది. గాంధీ, నెహ్రూ మాట్లాడుతున్న పాత ఫొటోల్లో మైకు మీద ఆ కంపెనీ పేరు కనిపిస్తూనే ఉంటుంది. 1940లో ఢిల్లీలో అహూజా కంపెనీ మొదలైంది. మన పక్క మైకుసెట్టు అంటే అహూజానే అన్నంతగా ఆ పేరు పల్లెల్లోకి దిగింది.

మైకుసెట్టు అంటే ఒక ఆంప్లిఫయరు, ఒక బ్యాటరీ, ఒక గ్రామఫోను, రెండు హార్నులు, వాటి వెనక బిగించే యూనిట్లు. వేపచెట్టుకో వెదురుగడకో హార్ను కడితే చాలు, ఊరిలో ఏదో ఉందని పక్క ఊరికి తెలిసేది. అయితే ఆ రేకు హార్నుకు ఒక గుణం ఉంది. లోతైన స్వరాలు దాంట్లోంచి రావు. మధ్యస్థాయి నుంచి పైకి ఉండే స్వరాలే దూరం పోతాయి. అందుకని గంభీరమైన గొంతున్నవాడికన్నా కాస్త ముక్కుతో పలికే, పైస్థాయిలో నిలబడే గొంతున్నవాడే మంచి మైకు మనిషి అనిపించుకున్నాడు. ఈ గొంతు ఎందుకిలా ఉంటుందని నవ్వినవాళ్లున్నారు. అది యంత్రం కోరిన గొంతు.

రెండో సంగతి ప్రతిధ్వని. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంత దూరంలో ఒక రాతిచరియ ఉంటే, పలికిన మాట రెండు సెకన్ల తర్వాత తిరిగొచ్చి కొత్త మాట మీద పడుతుంది. పెనుకొండలో ఊరు కొండ కాళ్ల దగ్గరే ఉంది. అలాంటి చోట మైకు పట్టినవాడు గబగబా మాట్లాడితే ఒక్క ముక్కా అర్థం కాదు. మాట పలికి, ఆగి, కొండ తిరిగి చెప్పేదాకా ఉండి, మళ్లీ పలకాలి. ఆ ఆగడమే అలవాటై, కొండలేని మైదానంలో కూడా అతని మాటకు ఒక దర్జా ఇచ్చింది.

మన భాష కూడా సాయం చేసింది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఊరి పేరైనా మనిషి పేరైనా చివరి అచ్చును ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు. ఇంగ్లీషు పేర్లకు ఆ వీలు తక్కువ. ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ ఆటలకు దశాబ్దాలపాటు మైకు పట్టిన డేవ్ జింకాఫ్ అందుకే పేరు నడుమను పట్టుకున్నాడు. ఆటగాడు జూలియస్ ఎర్వింగ్‌ను పిలిచేటప్పుడు ఎర్వింగ్‌లోని రకారాన్ని ఎంతసేపు తిప్పేవాడో అక్కడివాళ్లు ఇప్పటికీ అనుకరించి చూపిస్తారు.

జింకాఫ్ గురించి ఇంకో ముచ్చట చెప్పాలి. 1962 మార్చి 2న హెర్షీ అనే చిన్న ఊళ్లో విల్ట్ చాంబర్లేన్ ఒక్కడే ఒకే ఆటలో 100 పాయింట్లు వేశాడు. ఆ ఆటకు టీవీ ప్రసారం లేదు. హాల్లో ఉన్నది నాలుగు వేల పైచిలుకు జనం. ఆట ముగింపుకొస్తున్నకొద్దీ, చాంబర్లేన్ వేసిన ప్రతి బాస్కెట్‌కూ లెక్క ఎంతకు చేరిందో జింకాఫ్ మైకులో చెబుతూ పోయాడు. అంకె పెరిగేకొద్దీ జనం కేకలు పెరిగాయి. 1985లో ఆయన చనిపోయాక, ఆటగాళ్ల జెర్సీల సరసన ఆయన గుర్తుగా మైకు బొమ్మ ఉన్న జెండాను ఫిలడెల్ఫియా జట్టు తన స్టేడియం కప్పుకు వేలాడదీసింది.

మన బండలాగుడు మైకు మనిషి చేసేదీ అదే లెక్క. పోటీలు ఎద్దుల పళ్లను బట్టి జరుగుతాయి: రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు. ఇచ్చిన సమయంలో బండ ఎన్ని అడుగులు జరిగిందన్నది తీర్పు. బరి పొడుగ్గా ఉంటుంది కాబట్టి చాలామందికి దుమ్ము తప్ప ఏమీ కనపడదు. వాళ్లకు కళ్లు మైకే. ఎన్ని అడుగులు లాగాయి, ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయి, ముందున్న జత కన్నా ఎంత వెనకబడ్డాయి అన్నవి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాలి. చివరి నిమిషంలో ఆ గొంతు రైతు వైపో ఎద్దుల వైపో మొగ్గుతుంది. ఆ మొగ్గు న్యాయం తప్పినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. జీవాలు అంత కష్టపడుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు మాట్లాడే గొంతు అక్కడ పనికిరాదు. కబడ్డీ కోర్టులోనూ అంతే. కూతకు వెళ్లినవాడు గీత దాటి తిరిగొచ్చేదాకా మైకు అతనితోనే ఉంటుంది.

సినిమా వచ్చాక ఈ గొంతుకు జీతం కుదిరింది. జట్కాబండికో రిక్షాకో రెండు పక్కలా పోస్టర్లు, పైన హార్ను, లోపల కరపత్రాల కట్టతో ఒక మనిషి. నేడే చూడండి అన్న పిలుపు వినపడితే పిల్లలు కరపత్రాల కోసం వెనకాల పరుగెత్తేవాళ్లు. టూరింగ్ టాకీసుల్లో ఆట మొదలవబోతోందనడానికి ఘంటసాల పాడిన వేంకటేశ్వరుని పాటే గంట. హిందూపురం సరిహద్దు ఊరు, బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినపడతాయి. ఇలాంటి ఊళ్లో మైకు పట్టినవాడు వీధిని చూసి భాష మార్చగలిగితేనే టికెట్లు తెగేవి.

పెళ్లిళ్లలో చదివింపులు మరో బడి. ఫలానా ఊరి నుంచి ఫలానావారు నూట పదహార్లు చదివించారని మైకులో చెప్పేటప్పుడు ఒక్క ఇంటిపేరు తప్పు పలికితే బంధువులు నొచ్చుకుంటారు. వందల పేర్లు, పదుల ఊళ్లు, ఎవరి పేరుకు ముందు ఏ గౌరవం పెట్టాలో తెలిసి ఉండాలి. తిరునాళ్లలో పేర్లు పిలిచేవాళ్లకు కావలసిన జ్ఞాపకశక్తీ మర్యాదా ఇక్కడే పదునెక్కుతాయి.

ఎన్నికల సభ అన్నిటికన్నా కఠిన పరీక్ష. 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం ఎన్టీ రామారావును గెలిపించింది. అలాంటి నాయకుడి సభకు జనం పొద్దున్నుంచే చేరతారు, నాయకుడు ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. మరికొద్ది నిమిషాల్లో అంటూ గంటలు గడపాలి. పాట వేసి, నినాదం ఇప్పించి, తప్పిపోయిన పిల్లవాడి చొక్కా రంగు చెప్పి, ఎండలో జనాన్ని కూర్చోబెట్టిన ఆ మనిషి పేరు మరునాటి పేపర్లో రాదు. ఎన్నికల చరిత్ర రాసేవాళ్లు అతణ్ని వదిలేయడం పెద్ద లోటు.

రైల్వే గొంతు వేరే తెగ. ధర్మవరం జంక్షన్లో గుంతకల్లు, బెంగళూరు, పాకాల వైపు దారులు కలుస్తాయి. దయచేసి వినండి అన్న మాటకు ప్లాట్‌ఫారం మీద సంచులు కదిలేవి. ముంబయిలో 1982లో ఈ పనిలో చేరిన సరళా చౌదరి గొంతు దేశమంతా పేరు తెచ్చుకుంది. తర్వాత అంకెలు, ఊళ్లు, ప్లాట్‌ఫారం నంబర్లు విడివిడిగా రికార్డు చేసి, కంప్యూటరు వాటిని అతికించి వినిపించే పద్ధతి వచ్చింది. స్పష్టతలో దానికి వంక పెట్టలేం. బండి రెండు గంటలు ఆలస్యమైనా, సరిగ్గా వచ్చినా దాని స్వరం ఒకటే. ముసలివాళ్లు మెట్లెక్కలేక ఆగిపోవడం దానికి కనపడదు.

తిరునాళ్ల గొంతును మొదట దెబ్బతీసింది క్యాసెట్. 1980ల నుంచి ప్రచారం ఒకసారి పట్నంలో రికార్డు చేయించి, ఆటోలో పదే పదే తిప్పడం మొదలైంది. ఒకే గొంతు అన్ని ఊళ్లలో అదే మాట అంటుంటే ఊరి పేరు ముందు పెట్టే పద్ధతికి చోటే లేకుండా పోయింది. తర్వాత చట్టం వచ్చింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లను కట్టడి చేశాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. 2005లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. ఇందులో కోర్టును తప్పుపట్టలేను. మంచానపడ్డ రోగికీ పరీక్షలకు చదివే పిల్లకూ రాత్రంతా మోగే హార్ను హింసే. మైకు మనిషి విద్యకూ ఆ హింసకూ సంబంధం లేదు. నిజానికి మంచి మైకు మనిషికి ఆగడం తెలుసు.

2014లో ప్రో కబడ్డీ, తెలుగు టైటాన్స్ వచ్చాక స్టేడియంలో పేర్లు పిలవడం మళ్లీ గౌరవమైన పనైంది. అక్కడి లైట్లు, సంగీతం షికాగో పద్ధతిలోవి. పల్లె బరుల్లో మాత్రం ఇప్పటికీ మనిషే, మైకే, చేతిలో చీటీయే. ఇప్పుడు ఫోన్లలో ఆ పోటీలు ప్రసారమవుతున్నాయి కాబట్టి ఈ తరం గొంతులు ఎక్కడో ఒకచోట మిగులుతాయి. పోయేవి అంతకుముందువి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో పాత సౌండ్ సర్వీసు షాపులవాళ్ల దగ్గర, పోటీలు నడిపిన కుటుంబాల దగ్గర, పెళ్లి వీడియోల వెనక ఆ గొంతులు క్యాసెట్ల మీద ఉండే అవకాశం ఉంది. అయస్కాంతపు టేపు తేమకు బూజు పడుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, అతుక్కుపోయిన టేపును బలవంతంగా తిప్పితే తెగిపోతుంది. అలాంటివి ఉన్నవాళ్లు నేరుగా ప్లేయర్లో పెట్టకుండా, తెలిసినవాళ్ల చేత ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. ఎక్కించాక ఫైలుకు పేరు రాసేటప్పుడు ముందు ఏడాది, తర్వాత ఊరు, తర్వాత పోటీ, చివర ఆ మైకు పట్టిన ఆయన పేరు రాయాలి.